హామ్ రేడియోలో చిన్న స్పెక్ట్రం ఎనలైజర్: తెర మీద ప్రతి గీతనూ నిలదీయాలి

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాతో, "సాబ్, ప్రతి ఏడూ పెన్షను గురించి, ఈసీహెచ్ఎస్ గురించే మాట్లాడుకుంటున్నాం. ఈసారి మీ రేడియో పిచ్చి గురించి అరగంట చెప్పండి" అన్నారు. నేను ఇంటర్మీడియెట్ చదివి సిగ్నల్స్‌లో చేరినవాణ్ణి. ఇంజనీరును కాను. నాకు తెలిసిందంతా చేతులతో నేర్చుకున్నదే. అందువల్ల లెక్కలు తక్కువగా, పని ఎక్కువగా చెబుతాను. మన కోర్ నినాదం 'తీవ్ర చౌకస్' అని సిగ్నల్స్ వాళ్ళందరికీ తెలుసు. అంటే వేగం, అప్రమత్తత. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ రెండో మాట గురించే.

ఈ బల్ల మీద పేకముక్కల కట్టంత డబ్బా ఒకటి పెట్టాను, చూడండి. దీని పేరు టైనీఎస్ఏ. నెదర్లాండ్స్‌కు చెందిన ఎరిక్ కాస్‌హూక్ అనే హామ్ దీన్ని రూపొందించారు. 2020లో బజారులోకి వచ్చింది. దీనికి రెండు ఇన్‌పుట్లు ఉన్నాయి. 'లో' అనేది 100 కిలోహెర్ట్జ్ నుంచి 350 మెగాహెర్ట్జ్ దాకా, 'హై' అనేది 240 నుంచి 960 మెగాహెర్ట్జ్ దాకా చూస్తుంది. లోపల బ్యాటరీ ఉంది. యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కి కలిపితే అదే బొమ్మ పెద్ద తెర మీద కనిపిస్తుంది, ఫలితాన్ని ఫైలుగా దాచుకోవచ్చు. ధర కొన్ని వేల రూపాయలు. నేను సర్వీసులో చేరిన కొత్తలో స్పెక్ట్రం ఎనలైజర్ అంటే ఇద్దరు మోసే బరువు. అది ఉన్న గదికి తాళం, ఆ తాళానికి ఒక రిజిస్టరు. మాలాంటి జవాన్లు దూరం నుంచి చూసి సంతోషించాల్సిందే. అలాంటి సాధనం ఇప్పుడు చొక్కా జేబులో పడుతోంది. పడుతోంది సరే, దాన్ని ఎంతవరకు నమ్మాలి, ఎలా అడగాలి అన్నదే అసలు విషయం.

ఆసిలోస్కోపుకీ దీనికీ తేడా

ఆసిలోస్కోపు, ఎనలైజరు రెండూ చూసేది ఒకే సిగ్నల్ని. ఆసిలోస్కోపు పరేడ్ గ్రౌండు అంచున నిలబడి స్క్వాడ్ మొత్తాన్ని ఒక్కసారిగా చూసే మనిషి లాంటిది. అడుగులు కలిశాయా లేదా దానికి తెలుస్తుంది. ఎనలైజరు రోల్‌కాల్ తీసుకునే హవల్దార్ మేజర్ లాంటిది. ఒక్కొక్క ఫ్రీక్వెన్సీని పేరు పెట్టి పిలుస్తుంది. ఎవరు హాజరు, ఎంత బలంతో హాజరు, లిస్టులో లేనివాడెవడైనా లైన్లో దూరాడా అని చూస్తుంది.

ఇలా దూరేవాళ్ళలో ముఖ్యమైనవి హార్మోనిక్స్. మీరు 7.030 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం చేస్తే దానికి రెండింతలు 14.060 మీద, మూడింతలు 21.090 మీద కూడా కొంత శక్తి పుడుతుంది. దాన్ని ఆపడానికే ట్రాన్స్‌మిటర్ చివర్లో లో‌పాస్ ఫిల్టర్ పెడతాం. ఎంత ఆపాలి? 30 మెగాహెర్ట్జ్ లోపు అమెచ్యూర్ ట్రాన్స్‌మిటర్లకు అమెరికాలో 2003 నుంచి ఉన్న కొలత 43 డీబీ. నేను కూడా ఇంట్లో పనికి దాన్నే గీటురాయిగా పెట్టుకున్నాను.

డీబీ అంటే భయపడనక్కర్లేదు. 10 డీబీ తగ్గితే శక్తి పదో వంతు, 20 తగ్గితే నూరో వంతు, 30 తగ్గితే వెయ్యో వంతు. 43 తగ్గితే ఇరవై వేలో వంతు. వోల్టేజిలో చెప్పుకుంటే సుమారు 140వ వంతు, అంటే ఒక శాతం కూడా లేదు. ఆసిలోస్కోపు తెర మీద ఒక శాతం వంకరను మనిషి కన్ను పట్టుకోలేదు. తరంగం నున్నగా అందంగానే కనిపిస్తుంది. అందుకే ఈ పనికి ఎనలైజరు కావాలి.

ఎవరికి నష్టం?

"మనది 5 వాట్ల బొమ్మ ట్రాన్స్‌మిటరు, దానివల్ల ఎవరికేం నష్టం?" అని కుర్రాళ్ళు అడుగుతారు. సమాధానం ఈ సభలో ఉన్నవాళ్ళకు తొందరగా అర్థమవుతుంది.

హామ్‌లు చేతి సెట్లతో మాట్లాడుకునే పట్టీ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. 145కి రెండో హార్మోనిక్ 290. చాలా దేశాల సైనిక విమానాలు, హెలికాప్టర్లు భూమితో మాట్లాడే యూహెచ్ఎఫ్ పట్టీ 225 నుంచి 400. అంటే మన రెండో హార్మోనిక్ తిన్నగా వెళ్ళి వాళ్ళింట్లో కూర్చుంటుంది. అలాగే 28.4 మెగాహెర్ట్జ్‌కి నాలుగో హార్మోనిక్ 113.6. అది విమానాలకు దారి చూపే వీఓఆర్ బీకన్ల పట్టీ.

మామూలు రోజుల్లో ఇది పెద్దగా బయటపడదు. హామ్‌లు నిజంగా అవసరమయ్యే రోజుల్లోనే ముప్పు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ గారు, కాల్‌సైన్ వీయూ2ఆర్‌బీఐ, పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ స్టేషను నడుపుతూ ఉన్నారు. ఆ స్టేషను ద్వారా ఎన్నో కుటుంబాలకు తమవాళ్ళ క్షేమసమాచారం అందింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు ఎలా పడిపోయాయో అక్కడున్న మన నౌకాదళం అన్నలకు నేను చెప్పాలా! అలాంటి రోజు కింద వాలంటీరు చేతిలో సెట్టు, పైన రిలీఫ్ హెలికాప్టరు రెండూ ఒకే చోట ఉంటాయి. సాయం చేయడానికి వచ్చినవాడి సెట్టు, సాయం తెచ్చేవాడి చెవిలో గోల చేయకూడదు. నా దృష్టిలో ఈ డబ్బా విలువంతా అక్కడే ఉంది.

కలపడానికి ముందు

ఈ సాధనం తట్టుకునే గరిష్ఠ శక్తి +10 డీబీఎం, అంటే 10 మిల్లీవాట్లు. 5 వాట్లంటే దానికి 500 రెట్లు. తిన్నగా కలిపి పీటీటీ నొక్కితే ఒక్క క్షణంలో లోపలి భాగం కాలిపోతుంది. కాబట్టి మధ్యలో శక్తిని దించే మెట్లు ఉండాలి.

మొదటి మెట్టు డమ్మీ లోడ్. 1 కిలోఓమ్, 2 వాట్ల రెసిస్టర్లు 20 తీసుకుని పక్కపక్కన కలిపితే 50 ఓమ్‌లు, 40 వాట్ల దాకా కొద్దిసేపు తట్టుకుంటుంది. తీగ చుట్టిన రెసిస్టర్లు వద్దు. వాటిలో చుట్లు ఉంటాయి కనుక అవే కాయిల్ అయి కూర్చుంటాయి. రెండో మెట్టు ట్యాప్. లోడ్ వేడి కొన నుంచి 820 ఓమ్‌ల రెసిస్టర్లు మూడు వరసగా పెట్టి, వాటి చివర నుంచి నేలకు ఒక 51 ఓమ్‌ల రెసిస్టరు వేయండి. ఆ చోటే ఎనలైజరుకి తీగ. దీంతో దాదాపు సరిగ్గా 40 డీబీ తగ్గుతుంది. 5 వాట్లు అంటే +37 డీబీఎం. 40 పోతే −3. మూడో మెట్టు, బజారులో దొరికే 20 డీబీ ఎస్ఎమ్ఏ అటెన్యుయేటర్. ఇప్పుడు −23. సాధనం లోపల కూడా 31 డీబీ దాకా దించుకునే ఏర్పాటు ఉంది. అందులో 10 వాడుకుంటే లోపలి మిక్సర్‌కి చేరేది −33. కొలత నిజాయితీగా ఉండాలంటే మిక్సర్ దగ్గర −25 డీబీఎం కంటే ఎక్కువ ఉండకూడదు.

ఈ రెసిస్టర్ల ట్యాప్ హెచ్ఎఫ్‌కి చక్కగా పనిచేస్తుంది. 145 మెగాహెర్ట్జ్ సెట్టుకు మాత్రం వాడకండి. రెసిస్టరు కాళ్ళే అక్కడ లెక్క తప్పిస్తాయి. వీహెచ్ఎఫ్‌కి తయారుగా దొరికే, 10 వాట్లు తట్టుకునే పవర్ అటెన్యుయేటరే మేలు.

పని మొదలుపెట్టే ముందు సాధనంతో వచ్చిన చిన్న తీగను లో, హై ఇన్‌పుట్ల మధ్య కలిపి సెల్ఫ్ టెస్ట్, లెవెల్ కాలిబ్రేషన్ చేయించండి. అది తన 30 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని తానే కొలుచుకుని సరిచూసుకుంటుంది. పొద్దున్నే రైఫిల్ జీరో చేసుకున్నట్టు అనుకోండి.

థమ్, కౌన్ ఆతా హై?

ఇప్పుడు అసలు విషయం. రాత్రి సంత్రీ డ్యూటీ చేసిన ప్రతివాడికీ ఈ మాట తెలుసు. చీకట్లో కదిలినదల్లా శత్రువు కాదు, మిత్రుడూ కాదు. ఆపి అడగాలి. చవక ఎనలైజరు తెర మీద కనిపించే ప్రతి గీతకూ ఇదే సూత్రం. వాటిలో కొన్ని మీ ట్రాన్స్‌మిటర్‌వి, కొన్ని ఊరి గాలిలోవి, కొన్ని సాధనం తనలో తానే పుట్టించుకున్నవి. మూడూ ఒకేలా నిలబడి ఉంటాయి. లక్షల ఖరీదు చేసే పరికరంలో దొంగ గీతలను ఆపడానికి లోపల చాలా ఏర్పాట్లుంటాయి. ఇందులో ఆ పని మనమే చేయాలి. నేను మూడు ప్రశ్నలు అడుగుతాను.

మొదటి ప్రశ్న: ట్రాన్స్‌మిటర్ ఆపితే నువ్వు ఉంటావా? ఆపాక కూడా గీత అక్కడే ఉంటే అది మనది కాదు. సాధనానిదో, పక్కింటి చార్జరుదో.

రెండో ప్రశ్న: నువ్వు ఎవరి సంతానం? ట్రాన్స్‌మిటర్‌ని 7.030 నుంచి 7.040కి జరపండి. 10 కిలోహెర్ట్జ్ జరిపాం. రెండో హార్మోనిక్ అయితే 20 కిలోహెర్ట్జ్ జరగాలి, మూడోది 30 జరగాలి. జరగనిది ఆ కుటుంబంలో మనిషి కాదు.

మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం: నువ్వు బయట పుట్టావా, ఎనలైజరు కడుపులో పుట్టావా? బయట ఇంకో 10 డీబీ అటెన్యుయేటర్ చేర్చండి. నిజమైన హార్మోనిక్ సరిగ్గా 10 డీబీ తగ్గుతుంది. సాధనం మిక్సరులో పుట్టిన రెండో హార్మోనిక్ అయితే 20, మూడోది అయితే 30 తగ్గుతుంది. బయట అటెన్యుయేటర్ లేకపోతే లోపలిదాన్నే 10 డీబీ పెంచండి. సాధనం ఆ తేడాను తానే లెక్కలో కలుపుకుంటుంది కనుక నిజమైన గీత కదలదు, దొంగ గీత దిగిపోతుంది. ఈ పరీక్షకు అర నిమిషం పడుతుంది. ఇది చేయకుండా "నా రిగ్ పాసైంది", "నీ రిగ్ ఫెయిలైంది" అని ఎవరూ తీర్పు చెప్పకూడదు.

ఒక ట్రాన్స్‌మిటర్ కథ

మా కాలనీలో ఒక రిటైర్డ్ హవల్దార్ గారి అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు. హామ్ పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నాడు. ఐఆర్ఎఫ్510 మాస్‌ఫెట్‌తో 40 మీటర్ల బ్యాండుకు 5 వాట్ల మోర్స్ ట్రాన్స్‌మిటరు కట్టాడు. "అంకుల్, కొలిచి పెట్టండి" అంటూ పట్టుకొచ్చాడు. "నేను కొలవను. నువ్వు కొలువు, నేను పక్కన కూర్చుంటాను" అన్నాను.

ముందు వాడికి పాఠం కోసం కావాలనే 20 డీబీ అటెన్యుయేటర్ తీసేసి, లోపలిది సున్నాకు పెట్టించాను. రెండో హార్మోనిక్ కొండలా లేచింది. వాడి మొహం వాడిపోయింది. 10 డీబీ చేర్చమన్నాను. అసలు సిగ్నల్ పది దిగింది, రెండో హార్మోనిక్ ఇరవై దాకా దిగింది. "ఇందులో ఎక్కువ భాగం నీది కాదురా, ఈ డబ్బాది" అన్నాను. తర్వాత అటెన్యుయేటర్లన్నీ సరిగ్గా పెట్టి మళ్ళీ చూశాం. అసలు సిగ్నల్ కంటే రెండోది 35 డీబీ దిగువన, మూడోది 29 డీబీ దిగువన ఉన్నాయి. మూడు ప్రశ్నలూ అడిగాం. ఈసారి గీతలు నిజమైనవే.

5 వాట్లలో 29 డీబీ తక్కువంటే సుమారు 6 మిల్లీవాట్లు. 21 మెగాహెర్ట్జ్ మీద ఆకాశం తెరుచుకున్న రోజు ఆ మాత్రం శక్తి సముద్రాలు దాటి వినిపించగలదు. కాబట్టి వదిలేసేది కాదు.

కారణం వెతకడం మొదలుపెట్టాం. కాగితం మీద ఫిల్టర్ బాగానే ఉంది. బోర్డు మీద మాత్రం కాయిళ్ళు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఒకే వరసలో నిలబడి ఉన్నాయి. ఫిల్టర్‌లోకి వచ్చే తీగ, బయటికి వెళ్ళే తీగకు అరంగుళం దూరంలో నడుస్తోంది. గేటు దగ్గర సంత్రీ ఉన్నాడు గాని పక్కన ముళ్ళకంచెకు కన్నం ఉంది. కాయిళ్ళను దూరం జరిపి ఒకదానికొకటి అడ్డంగా తిప్పాం. మధ్యలో రాగి రేకు ముక్క నిలబెట్టి నేలకు కలిపాం. అవుట్‌పుట్‌కి కోయాక్స్ ముక్క వేశాం. ఫిల్టర్‌కి ఇంకో సెక్షను చేర్చాం. ఒక్కో పని తర్వాత ఒక్కోసారి కొలిచి నోటుబుక్కులో రాయించాను. ఆఖరికి రెండోది 51 డీబీ దిగువకు, మూడోది 57 డీబీ దిగువకు చేరాయి. ఆ సాయంత్రమే యాంటెన్నాకు కలిపి మొదటి సీక్యూ పిలిచాడు.

వాడికి నేను చెప్పింది ఒక్కటే. ఫిల్టర్ అంటే కాయిళ్ళు, కెపాసిటర్లు మాత్రమే కాదు, అవి నిలబడ్డ తీరు కూడా.

ఈ పాఠం మనలాంటివాళ్ళకే పరిమితం కాదు. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు, కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ, రూపొందించిన బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్లు ప్రపంచమంతా తెలుసు. దొరికే సామానుతోనే కట్టాలన్న పట్టుదలతో ఒక వెర్షనులో కాయిళ్ళను కుళాయి వాషర్ల మీద చుట్టించిన మనిషి ఆయన. తర్వాత వచ్చిన మైక్రో బిట్‌ఎక్స్‌ను 2018లో ఎన్నో దేశాల హామ్‌లు ఎనలైజర్ల మీద పెట్టి కొలిచి, హార్మోనిక్స్ ఎక్కువగా ఉన్నాయని బయటపెట్టారు. కారణం, ఫిల్టర్లను మార్చే రిలేల గుండా సిగ్నల్ పక్కదారిన కారడం. డిజైను అందరి ముందూ తెరిచి ఉంది, కొలతలూ అందరి ముందే జరిగాయి, తర్వాతి వెర్షన్లలో సరిదిద్దారు. ఇలా కొలిచి చెప్పేవాళ్ళు, విని దిద్దుకునేవాళ్ళు ఉన్నచోటే విద్య పెరుగుతుంది.

చేతి సెట్లు

నిరుడు మన సభ్యుల దగ్గరున్న ఐదు వీహెచ్ఎఫ్ చేతి సెట్లు కొలిచాను. బ్రాండు పేర్లు ఇక్కడ అనవసరం. 290 మెగాహెర్ట్జ్ లో ఇన్‌పుట్‌లోనే వస్తుంది కనుక కొలవడం సులువు. మూడు సెట్లు బాగున్నాయి. రెండింటిలో 290 దగ్గర గీత కేవలం 30 డీబీ దిగువన ఆగిపోయింది. ఈ తరహా చిన్న సెట్లకు అమెరికా నియమం అడిగేది కనీసం 40.

30 డీబీ అంటే 5 వాట్లలో 5 మిల్లీవాట్లు. యాంటెన్నాల లాభనష్టాలు పక్కన పెడితే, అడ్డం లేని ఆకాశంలో కిలోమీటరు దూరానికి అది సుమారు −75 డీబీఎంగా చేరుతుంది. మంచి రిసీవరు −100 కూడా వినగలదు. ఆ రెండు సెట్లూ పెట్టుకున్న అన్నలకు లెక్క చూపించాను. ఒకాయన ఇంట్లో బేస్ యాంటెన్నాకు మధ్యలో లో‌పాస్ ఫిల్టర్ పెట్టుకున్నారు, మళ్ళీ కొలిస్తే గీత కనబడలేదు. రెండో ఆయన ఆ సెట్టును వినడానికి మాత్రమే ఉంచుకుని, రిలీఫ్ కిట్టులోంచి తీసేశారు. ఇద్దరి నిర్ణయమూ మంచిదే.

మూడో హార్మోనిక్ 435 దగ్గర ఉంటుంది. దానికి హై ఇన్‌పుట్ వాడాలి. అక్కడ లోపలి వడపోత తక్కువ, దొంగ గీతలు ఎక్కువ. మూడు ప్రశ్నలూ ఇంకా గట్టిగా అడగాలి.

గోల వేట

రెండో పెద్ద ఉపయోగం ఇంట్లో రేడియో గోలను పట్టుకోవడం. ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు, మొబైల్ చార్జర్లు, ఇన్వర్టర్లు, సోలార్ చార్జ్ కంట్రోలర్లు హెచ్ఎఫ్ బ్యాండ్లను బురద చేసేస్తున్నాయి. సన్నటి కోయాక్స్ చివర మూడు చుట్ల చిన్న కాయిల్ కట్టి ఎనలైజరుకి పెట్టండి. యూఎస్‌బీ తీగ తీసేసి, బ్యాటరీ మీద నడుపుతూ ఇల్లంతా తిరగండి. కొన్ని పదుల కిలోహెర్ట్జ్ దూరంతో దువ్వెన పళ్ళలా గీతలు వరసగా లేస్తే అది స్విచింగ్ సప్లై అని గుర్తు. కాయిల్‌ని ఏ తీగ దగ్గర పెడితే అవి పెరుగుతాయో అదే దోషి. ఆ తీగను ఫెరైట్ రింగులో ఎనిమిది పది చుట్లు తిప్పితే చాలావరకు శాంతిస్తుంది. ఇది హామ్‌లకే కాదు, ఇంట్లో ఆలిండియా రేడియో షార్ట్‌వేవ్, మీడియంవేవ్ వినే అన్నలకూ పనికొస్తుంది.

అందుకే ఒక జాగ్రత్త చెబుతున్నాను. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీతో కలిపి కొలిచేటప్పుడు ల్యాప్‌టాప్ చార్జరు పీకేయండి. లేకపోతే దాని గోల కూడా తీగ వెంట వచ్చి మీ లెక్కలో కూర్చుంటుంది. పెద్ద తెర, ఫైలు దాచుకోవడం కావాలంటే యూఎస్‌బీ. బలహీనమైన గోల వేటకు బ్యాటరీ.

ఇది చేయలేనివి

చవక సాధనం పరిమితులు కూడా చెప్పాలి. దీని కొలతలో రెండు మూడు డీబీ అటూఇటూ ఉంటుంది. 43కి 44 వచ్చిందని సంబరపడవద్దు, 50 వచ్చేలా చూసుకోండి. దీని సన్నటి చూపు 3 కిలోహెర్ట్జ్. ఎస్ఎస్‌బీ ట్రాన్స్‌మిటరుకు ఒక కిలోహెర్ట్జ్ దూరంలో రెండు స్వరాలిచ్చి చేసే పరీక్ష దీనితో కుదరదు. తర్వాత వచ్చిన అల్ట్రా మోడల్‌కి 200 హెర్ట్జ్ చూపు ఉంది, అందులో కుదురుతుంది. యాంటెన్నా మ్యాచింగుకు, ఫిల్టర్ ఆకారం చూడటానికి నానోవీఎన్ఏ అనే ఇంకో చిన్న సాధనం మేలు. ఏది ఎంత బలంతో బయటికి వస్తోందో చూడటానికి ఇది.

"ఇంకా చవకగా, టీవీ డాంగిల్‌తో చేయొచ్చు కదా" అంటారు. 2012 నుంచి ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న యూఎస్‌బీ టీవీ డాంగిల్స్‌ను రేడియో రిసీవర్లుగా వాడుతున్నారు. అద్భుతమైన సాధనమే. బ్యాండు మీద ఎవరున్నారో చూడటానికి, గోల వెతకడానికి సరిపోతుంది. కాని దానిది 8 బిట్ల కన్ను. బిట్‌కి 6 డీబీ లెక్కన 48 డీబీయే దాని చూపు. ముందు భాగంలో వడపోత కూడా అంతంతే. బలమైన సిగ్నల్ పక్కనున్న బలహీనమైనదాన్ని నమ్మకంగా కొలవలేదు. కాపలాకు పనికొస్తుంది, తీర్పుకు పనికిరాదు. టైనీఎస్ఏకి నకిలీలు కూడా ఉన్నాయి. కొనేముందు అమ్మేవాడి గురించి విచారించండి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక మాట. ఇలాంటి సాధనాన్ని, డాంగిల్‌ని గాని యూనిట్ లైన్ల లోపలికి అనుమతి లేకుండా తీసుకెళ్ళవద్దు. అక్కడ కనిపించే స్పెక్ట్రం మన హాబీ వస్తువు కాదు, దాని ఫోటో తీసి ఎవరికీ పంపవద్దు. లైసెన్సు కావాలంటే కమాండింగ్ ఆఫీసర్‌గారి ద్వారా సరైన దారిలో వెళ్ళండి. లైసెన్సు లేకుండా యాంటెన్నా మీద ప్రసారం చేయడం నేరం. రిటైరైనవాళ్ళకూ అదే వర్తిస్తుంది. యూనిఫాం విప్పాం గాని క్రమశిక్షణ విప్పలేదు.

ఒక ప్రతిపాదన

అధ్యక్షులవారి అనుమతితో సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మనలో చాలామంది ఊళ్ళు శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంబడే ఉన్నాయి. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. దానికి ముందు, ప్రతి సెప్టెంబరులో ఒక ఆదివారం, లైసెన్సున్న సభ్యులంతా తమ సెట్లు తీసుకుని ఒకచోట కలుద్దాం. బల్ల మీద డమ్మీ లోడ్, అటెన్యుయేటర్లు, ఈ డబ్బా ఉంటాయి. ప్రతి సెట్టునూ కొలిచి, తేదీ, ఫ్రీక్వెన్సీ, రెండో మూడో హార్మోనిక్ ఎన్ని డీబీ దిగువన ఉన్నాయో రాసి చిన్న కార్డు అంటిద్దాం. బాగున్నవి రిలీఫ్ కిట్టులోకి, బాగులేనివి బాగుచేతకు. కొలిచే పని మన పిల్లలతోనే చేయిద్దాం. పెద్దవాళ్ళం పక్కన కూర్చుని మూడు ప్రశ్నలూ అడిగామో లేదో చూద్దాం. ఖర్చు ఏమంత కాదు. అటెన్యుయేటర్లు, డమ్మీ లోడ్ నేను ఇస్తాను.

ఆయుధం శుభ్రం చేయకుండా మనం ఏనాడూ డ్యూటీకి వెళ్ళలేదు. సిగ్నల్స్‌వాడికి సిగ్నలే ఆయుధం. దాన్ని శుభ్రంగా ఉంచుకునే గుడ్డ ముక్క ఇప్పుడు అందరికీ అందే ధరలో దొరుకుతోంది.  ప్రశ్నలున్నవాళ్ళు టీ దగ్గర ఈ బల్ల చుట్టూ రండి, సెట్టు తెచ్చినవాళ్ళది ఇప్పుడే కొలుద్దాం.

జై హింద్.